ముప్పై నాలుగు తీసేస్తే

సోమవారం పొద్దున జయశీల టీచరు ఎనిమిదో తరగతిలోకి వచ్చేసరికి ఉరుకుందమ్మ బల్ల నాలుగు బండలు తూర్పుకు జరిగి ఉంది. గదిలో నేలంతా చదరపు నాపబండలు. తూర్పు గోడ మూడో బండ దగ్గరే ఉంది కాబట్టి బల్ల గోడకు అవతల, వరండాలో ఉంది. ఉరుకుందమ్మ దాని మీద కూర్చొని, గోడలోంచే బోర్డు చూసి రాసుకుంటోంది. గోడకేమీ కాలేదు.

జయశీల చేతిసంచి కుర్చీకి తగిలించి హాజరు పట్టీ తెరుస్తుంది. ఆమెకు నలభై ఏడేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఇదే బడిలో లెక్కలు చెబుతోంది. పట్టీలో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి, గదిలో పద్దెనిమిది మంది ఉన్నారు, వరండాలో ఒకరు. మిగతావాళ్లు తల్లిదండ్రులతో సుగ్గికి పోయారు. వానలు మొహం చాటేసిన ఏడు ఈ పక్క పల్లెలకు పల్లెలే తాళాలు వేసి, తూర్పున మిరపకాయలు కోయడానికి లారీలెక్కుతాయి. దాన్నే సుగ్గి అంటారు. పోయినవాళ్ల బల్లలు కూడా వాళ్ల వెంటే పోయాయి.

"ఎందుకు జరిగినావు ఉరుకుందమ్మా?"

"నేను జరగలేదు మేడం. మా అవ్వ చచ్చిపోయె గదా, ఊర్లో నన్ను పెట్టుకునేవాళ్లు లేరు. మా అమ్మ నిన్ననే లారీ ఎక్కింది. బల్ల ఆమె ఎనకాల పోతాంది."

హెడ్మాస్టరు హుసేనప్ప సార్ టేపు తెచ్చి బల్ల పొడవు, వెడల్పు, పిల్ల ఎత్తు కొలుస్తారు. "స్థానమే మారింది, పరిమాణం మారలేదు. హాజరు వేయండి మేడం," అంటారు. కానీ ఆయనే గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "శనివారం పది గంటలకు మాత్రం బల్ల మొదటి చోట ఉండాల. హాస్టలు పరీక్షకు అదొక్కటే షరతు," అంటారు.

ఆడపిల్లల హాస్టల్లో ఈ ఊరికి ఒక్కటే సీటు. అది దొరికితే ఉరుకుందమ్మ ఇంటర్ దాకా అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకుంటుంది. దొరక్కపోతే చదువుకు నీళ్లొదులుకోవడమే. తరగతిలో ఆ సీటు తెచ్చుకోగలది కూడా ఆ పిల్లొక్కతే. జవాబు వచ్చాక దాన్ని సరిచూసే పిల్ల ఆమె ఒక్కతే మరి. వచ్చిన విలువను తీసుకుపోయి ఎక్స్ ఉన్న చోట పెట్టి, రెండు పక్కలూ సమానమయ్యాయో లేదో చూడమని జయశీల నోరు నొప్పి పుట్టేలా చెబుతుంది. చూడకపోతే ఒక మార్కు కోస్తుంది. ఇరవై రెండేళ్లలో ఎన్ని మార్కులు కోసిందో, కోసినా ఎంతమంది చూశారో ఆమెకే తెలుసు. ఉరుకుందమ్మ మాత్రం అడక్కుండానే సరిచూస్తుంది.

పునశ్చరణ మొదలవుతుంది. రెండు పాఠాలు, పరివర్తనాలు, రేఖీయ సమీకరణాలు. మూడో వాక్యానికే జయశీలకు కాళ్లు పీకుతాయి, కూర్చుంటుంది. ఆమె గొంతు కూర్చోదు. బోర్డు దగ్గరే నిలబడి, "సమానం గుర్తు దాటితే పదం గుర్తు మారుతుంది, కూడిక తీసివేత అవుతుంది," అని తనపాటికి తాను చెబుతూ పోతుంది. ఇన్నేళ్లుగా అవే మాటలు, దానికి మనిషితో పనేముంది? జయశీల సంచిలోంచి నీళ్ల సీసా తీసి తాగుతూ పాఠం వింటుంది. బాగానే చెబుతోంది గొంతు, కాస్త విసుగ్గా.

మంగళవారం ఉరుకుందమ్మ బల్ల బస్టాండు దగ్గర ఉంటుంది. బుధవారం పెట్రోలు బంకు దాటుతుంది. ఆ పిల్ల అక్కడి నుంచే చెయ్యెత్తి సందేహాలు అడుగుతుంది, గొంతు ఇక్కడి నుంచే జవాబులు చెబుతుంది. గురువారం ఎత్తిన చెయ్యి కూడా కనిపించదు.

జయశీలకు కదలబుద్ధి కాదు. నిజం చెప్పాలంటే పోయినేడాది కూడా కదల్లేదు. అప్పుడు పోయింది రేణుకమ్మ అనే పిల్ల బల్ల. ఆ పిల్ల ఒక లెక్కల కాగితం అడుగున "మేడం వచ్చి నన్ను పిల్చుకపోండి" అని రాసి ఎవరి చేతో పంపింది. ఆ వారం జయశీలకు కాళ్లు వాచాయి, వచ్చే వారం పోదాంలే అనుకుంది. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు. కాగితం ఈనాటికీ చేతిసంచిలోనే ఉంది, దానికి మార్కులు వేయడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఈసారి తరగతి గొంతును బోర్డు దగ్గర వదిలేసి, ఇంట్లో వాడుకునే చిన్న గొంతును మాత్రం వెంట తెచ్చుకుని ఆమె బస్సెక్కుతుంది.

సగం దారిలో కండక్టరు, "సౌష్ఠవ రేఖ దిగేవాళ్లున్నారా?" అని అడుగుతాడు. ఎవరూ దిగరు. రేఖ దాటగానే జయశీల గడియారం ఎడమ చేతి నుంచి కుడి చేతికి మారుతుంది, పాపిట అటు నుంచి ఇటు వస్తుంది. అవతల ఉన్నది ఆమె ఊరే, పరావర్తనం చెంది ఉంది. అక్కడ వరసగా తాళం వేసిన ఇళ్లయితే, ఇక్కడ అంతే దూరంలో వరసగా టార్పాలిన్ పట్టాల గుడిసెలు. అక్కడ ఎవరి ఇల్లు రోడ్డుకు కుడి పక్కనో, ఇక్కడ వాళ్ల గుడిసె ఎడమ పక్కన. ఆమెకు ఎవరినీ దారి అడగాల్సిన పని పడదు.

మిరపతోటలో ఉరుకుందమ్మ బల్ల ఒక సాలు మధ్యలో ఉంది. పిల్ల బల్ల మీద నోటుబుక్కు తెరిచి పెట్టుకుని రెండు చేతులా కాయలు కోస్తోంది. పక్క సాలులో ఆమె తల్లి మల్లమ్మ నడుము దగ్గర తొంభై డిగ్రీలు తిరిగి ఉంది. భ్రమణ కేంద్రం నడుమే. తిరిగింది మళ్లీ వెనక్కి రాలేదని చూడగానే తెలుస్తుంది.

"వస్తిరా మేడం," అంటుంది మల్లమ్మ, మొహం నేలకేసే ఉంచి. "మీరొస్తారని పాప చెప్పింది. నేను నమ్మలేదు."

జయశీలకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంటుంది. గట్టు మీద ఇంకో బల్ల ఉంది. దాని నాలుగు కాళ్లూ నల్లరేగడిలోకి వేళ్లు దిగాయి, పలక మీద మిరపమొక్కలు పూతకొచ్చాయి. ఎవరిదని ఆమె అడగదు. రేణుకమ్మ చేతిరాత ఆ చెక్క మీద ఇంకా ఉంది.

"పాపను పిల్చుకపోతా," అంటుంది జయశీల.

"పిల్చుకపోండి తల్లీ. ఈడుంటే దానికి గూడా ఈ నడుమే వస్తాది."

తోటకూ ఊరిదారికీ మధ్య ట్రాక్టరు చక్రాల జాడలు రెండు, సమానంగా, లోతుగా పడి ఉన్నాయి. జయశీల ఉరుకుందమ్మ చెయ్యి పట్టుకుని ఆ రెండు గీతలూ దాటుతుంది. నాలుగడుగులు వేశాక చేతిలో చెయ్యి ఉన్నట్టు తోచదు, ఉండాల్సింది లేనట్టుంటుంది. పక్కకు చూస్తే పిల్ల నీడ ఎండ వచ్చే వైపుకే పడుతోంది. అడుగు పెట్టిన చోటల్లా పాదాల జాడలు చెరిగిపోతున్నాయి.

"మేడం, గుర్తు మార్చలేదు మీరు," అంటుంది ఉరుకుందమ్మ నెమ్మదిగా. "ఈడికొచ్చేటప్పుడు తీసివేత అయినాను గదా. అట్లే తెచ్చినారు."

ఇరవై రెండేళ్లుగా ఎర్ర సిరాతో సున్నాలు చుట్టిన తప్పు. జయశీల పిల్లను వెనక్కి తీసుకొస్తుంది.

మేస్త్రీ బసప్ప గట్టు మీద కాటా పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కోపిష్టి మనిషి కాదు, లెక్క మనిషి. "ఊరికే దాటిస్తే గుర్తు మారదు మేడం," అంటాడు. "ఈ పక్క ఏది తీస్తే ఆ పక్కా అదే తీయాల. పాపను తీస్తారు, మంచిదే. ఈ పక్క లెక్క తగ్గకుండా పాపంత మనిషిని పెట్టి తీయండి."

ఉరుకుందమ్మ ఒక తట్టలో కూర్చుంటుంది, జయశీల రెండో దానిలో. జయశీల తట్ట నేలకు తగులుతుంది. చేతిసంచి తీసేసినా, చెప్పులు తీసేసినా లేవదు.

"బరువు కాదు మేడం, ఏండ్లు," అంటాడు బసప్ప.

"నాకు పదమూడు," అంటుంది ఉరుకుందమ్మ పైనుంచి. "మీకు నలభై ఏడు. నాకు ముప్పై నాలుగు కలిపితే మీరైతారు."

ఆ మాటకు జయశీలకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మిరప ఘాటు అనుకోవచ్చు, కానీ ఘాటు కాదు. ఈ పిల్ల పెరిగి తానవడం ఆమెకు కావాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంతగా ఏదీ కోరుకోలేదు.

ముప్పై నాలుగేళ్లనూ ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెడుతుంది. ముందు బడి ఏళ్లు, సుద్దపొడితో తెల్లగా. తర్వాత బి.ఎడ్. చదివిన ఏడాది, పెళ్లయిన ఏడాది, బదిలీ కోసం కాళ్లరిగేలా తిరిగిన మూడేళ్లు. పోయినేడాది మాత్రం చేతికి అంటుకుని ఒక పట్టాన ఊడిరాదు. చివరికి అదీ వస్తుంది. తట్టలు సమానమవుతాయి. అలసట ఒక్కటే పోదు, ఏ లెక్కలోనూ లేనిదాన్ని ఎవరు తీసివేస్తారు?

ఉరుకుందమ్మ బల్లెక్కుతుంది. బల్ల గీతలు దాటుతుంది, పిల్ల నీడ ఎండకు అవతల పక్కకు తిరిగి పడుతుంది. పడమటికి గడి తర్వాత గడి జరుగుతూ చిన్నదవుతుంది.

"మేడం, మీరూ..." అని ఏదో అనబోతుంది.

"పాఠం చూసుకోపో," అంటుంది పదమూడేళ్ల జయశీల.

శుక్రవారమంతా ఆమె ఉరుకుందమ్మ సాలులో కాయలు కోస్తుంది. వేళ్లు మండుతాయి. "గోళ్లతో గిల్లద్దు, తొడిమ పట్టి తిప్పు," అని మల్లమ్మ నేర్పుతుంది. మేడం అనదు, పాపా అంటుంది. జయశీల చేతులు మణికట్ల దాకా ఎర్రబడతాయి.

శనివారం పది గంటలకు బడి గంట వినిపిస్తుంది. చెట్టుకు కట్టిన రైలుపట్టా ముక్క మీద ఇనప కడ్డీ దెబ్బలు. ఇంత దూరం గంట రాదు, కానీ గంట పక్కన ఉన్న గొంతు ఆమెది. అది విన్నదల్లా ఆమెకు వినిపిస్తుంది, అది అన్నదల్లా ఆమె గొంతుకలో కదులుతుంది.

గొంతు పేర్లు పిలుస్తుంది. "ఉరుకుందమ్మ."

"ప్రెజెంట్ మేడం."

జయశీల చేతిలోని కాయలు గంపలో పడేసి కూర్చుండిపోతుంది. బల్ల మొదటి చోట ఉంది. అది చాలు.

గొంతు ప్రశ్నలు చదువుతుంది. పటాన్ని మూడు గడులు కుడికి జరపండి, అద్దంలో చూపండి, తిప్పండి. పన్నెండు గంటలకు ఆఖరి ప్రశ్న. "ఎక్స్‌కు ముప్పై నాలుగు కలిపితే నలభై ఏడు. ఎక్స్ విలువ కనుక్కోండి." ఒక్క క్షణం ఆగి, ఇరవై రెండేళ్లుగా ఆగినట్టే ఆగి, అంటుంది. "సరిచూడండి."

జయశీల లేచి నిలబడుతుంది. సరిచూడడమంటే విలువను తెచ్చి ఎక్స్ ఉన్న చోట పెట్టడం. విలువ ఆ పిల్లే, ఎక్స్ ఉన్న చోటు ఈ సాలు. వద్దని గొంతుకు చెప్పాలని చూస్తుంది, కానీ అది ఎప్పుడూ ఆమె మాట విన్నది లేదు. ఒక్క మార్కేగా తల్లీ, పోతే పోనీ, ఈ ఒక్కసారికి సరిచూడొద్దు అని లోపల్లోపల బతిమాలుకుంటుంది. ఆ పిల్ల చూస్తుందని ఆమెకు తెలుసు. నేర్పింది తనే.

మధ్యాహ్నం ఎండలో పడమటి వైపు నుంచి ఎవరో వస్తున్నట్టు దుమ్ము లేస్తుంది. జయశీల చూడదు. మిరపచెట్ల మధ్య తల దించుకుని కోస్తూనే ఉంటుంది. ట్రాక్టరు జాడల దగ్గర అడుగులు ఆగి, దాటి, సాలులోకి వస్తాయి.

వచ్చింది ఉరుకుందమ్మ కాదు, ఆ పిల్ల జవాబు. పదమూడు. సుద్దముక్కతో రాసినట్టు తెల్లగా, పిల్లంత ఎత్తున ఉంది. అందులోని ఒకటి నిటారుగా నిలబడి మూడు మీద నీడ పడేలా చూసుకుంటుంది. మూడేమో రెండు చోట్ల వంగి కాయలు కోయడం మొదలుపెడుతుంది. తొడిమ పట్టి, తిప్పి.

బసప్ప గట్టు మీద నుంచి ఒకసారి చూసి, "రెండు పక్కలా సరిపోయింది," అని బీడీ ముట్టించుకుంటాడు.

జయశీల నడుము పట్టేస్తుంది, నవ్వు కూడా వస్తుంది. రేణుకమ్మ కాగితం ఇంకా సంచిలోనే ఉంది, సంచి గట్టు మీద ముప్పై నాలుగేళ్ల పక్కన ఉంది. సాయంత్రం దానికి మార్కులు వేయాలి.

పక్క సాలులో మల్లమ్మ నెమ్మదిగా లేస్తుంది. తొంభై, అరవై, ముప్పై, చివరికి నిటారుగా. తెల్లటి సంఖ్యను కిందినుంచి పై దాకా చూస్తుంది. కొంగు చించి, సీసాలో నీళ్లతో తడిపి, మూడు అంకె తలకు ఎండ తగలకుండా కట్టి, ముడి గట్టిగా ఉందా లేదా అని ఇంకోసారి లాగి చూస్తుంది.