కుబ్లూ బండి

గుంజల మీద కట్టిన మా ఇంటి కింద పడి ఉన్న పాత మోటారు మంచుబండిని నేను ఒక్కదాన్నే బయటికి లాగుతుంటే, మా మావయ్య ఎనూకీ తన ఇంటి మెట్ల మీద నిలబడి టీ తాగుతూ చూశాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

"ఏంటే పిల్లా, చెత్తకుప్పకి నువ్వే చేరేస్తున్నావా? నాకు శ్రమ తప్పించావు."

"చెత్తకుప్పకి కాదు, సరస్సుకి. అమ్మమ్మని ఎక్కించుకుని పోతాను."

"ఆ ఇనపముక్క మీదా? ఆదివారం చర్చి అయ్యేసరికి అది కదిలితే తీసుకుపో, నేనడ్డం రాను. కదలకపోయిందా, మర్నాడే ట్రక్కెక్కించి పారేయిస్తాను. మళ్ళీ ఆ ముసలావిడ ముందు సరస్సు మాటెత్తకూడదు. సరేనా?"

"సరే" అన్నాను. అనకముందే ఒళ్ళు మండిపోతోంది.

మా అమ్మమ్మ ఉలాయుకి సరస్సంటే ప్రాణం. ఏటా మంచు గట్టిపడగానే అక్కడికి పోయి, మంచులో కన్నం పొడిచి చేపలు పట్టాల్సిందే. కిందటి వసంతంలో మావయ్య తన కొత్త బండికి వెనక కాముటిక్ అనే చెక్క జారుడుబండిని కట్టి, దాని మీద ఆవిణ్ణి సామాన్ల మధ్య కూచోబెట్టి తీసుకెళ్ళాడు. ఎగుడుదిగుడు మంచు దగ్గర ఆవిడ దొర్లి పడింది. వెనక్కి తిరిగి చూసుకోకుండా చాలా దూరం పోయాడాయన. ఆవిడకి దెబ్బేమీ తగల్లేదు, మంచు దులుపుకుని నవ్వింది కూడా. భయపడింది మావయ్యే. భయపడ్డానని ఒప్పుకోలేక, "ఇక నువ్వు కిటికీ దగ్గర కూచో అమ్మా" అని తేల్చేశాడు. తప్పు ఆయనది, శిక్ష ఆవిడకి. ఈ శరత్తులో సరస్సు గడ్డకట్టిందని కబురొచ్చినప్పుడు అమ్మమ్మ గాలపు కర్ర ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూచుంది. అది చూశాకే నేను ఇంటి కిందకి దూరాను.

ఆ బండి మా తాత కుబ్లూది. ఆయన చనిపోయిన చలికాలంలోనే నేను పుట్టాను. అందుకని నాకూ కుబ్లూ అనే పేరు పెట్టారు. మా మంచుదేశపు జనంలో పోయినవాళ్ళ పేరు పెట్టడమంటే ఆ మనిషిని మళ్ళీ ఇంటికి పిలుచుకోవడమే. ఆడా మగా చూడరు. నేను ఉయ్యాల్లో ఉన్ననాటి నుంచీ అమ్మమ్మ నన్ను "ఏవండీ" అనే పిలుస్తుంది. మావయ్యకి నేను తండ్రిని. వేటాడి తెచ్చిన మాంసంలో మొదటి ముక్క నా ముందు పెట్టి "తిను నాన్నా" అనేవాడు, నాకింకా పళ్ళయినా రాని రోజుల్లో. అమ్మమ్మని మళ్ళీ సరస్సుకి తీసుకెళ్ళాల్సిందేనని నేను పోట్లాడిన దగ్గర్నుంచి నన్ను పిల్లా అంటున్నాడు. తండ్రి మాట కాదనకూడదు కదా, పిల్ల మాటైతే ఎంతైనా కాదనొచ్చు. తిట్టినా ఊరుకుందును గానీ, ఆ పిలుపు మానేయడం నాకు గుండెలో గుచ్చుకుంది.

పనిలో పడ్డాను. గాలి గొట్టంలో లెమ్మింగ్ ఎలుకలు కాపురం పెట్టి పోయాయి. ఆ గడ్డీ బొచ్చూ చేత్తో పీకాను. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు వార్నిష్ కంపు కొడుతోంది. అదంతా పారబోసి, కార్బురేటర్ విప్పి, సన్నటి కన్నాలన్నీ కడిగాను. బండి వెనక భాగాన్ని చెక్కపెట్టె మీదికెత్తి రబ్బరు పట్టాని చేత్తో తిప్పితే కీచుమంది. లోపలి చక్రాలకి గ్రీజు పట్టించేదాకా అలాగే ఏడ్చింది. పగుళ్ళిచ్చిన బెల్టు తీసేసి కొత్తది ఎక్కించాను. బండి ముందు మంచు మీద జారే స్కీల కింద అరిగిపోయిన ఇనుపకడ్డీలు మార్చాను.

చూసేవాడికి చేసేవాడు లోకువ. దారిన పోయేవాళ్ళంతా ఆగి ఒక మాట విసిరిపోయారు.

"కుబ్లూ, దానికన్నా కుక్కల్ని పెంచుకోవే, తిండి పెడితే కదుల్తాయి!"

"నిన్ను కట్టినా కదుల్తుందిలే, రా!" అన్నాను. ఆ మాటన్నవాడు మళ్ళీ మా వైపు రాలేదు.

అమ్మమ్మ లోపల సీలు తోలు కత్తిరిస్తోంది. చిరిగిపోయిన సీటుకి తొడుగు కుడుతోందట.

"ఏవండీ, మీ వెనక నాకు చోటుండాలి. ఇంకోసారి కాముటిక్ మీద సామానులా మాత్రం పోను."

"నీ చోటు నీదే" అన్నాను, మొగుడి హోదాలో.

ఆదివారం చర్చి నుంచి జనం తిన్నగా మా ఇంటి ముందుకే వచ్చారు. మావయ్య తన మెట్ల మీదికెక్కి, కప్పు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను ఇంజను స్టార్టు చేసే తాడు లాగాను. బండి గుర్రుమని ఊరుకుంది. మళ్ళీ లాగాను. భుజం పట్టేసింది, చెమట గడ్డకట్టి కనురెప్పలకి అంటుకుంది. బండి గుర్రుమనడం కూడా మానేసింది.

"చాల్లేవే పిల్లా, భుజం ఊడుతుంది" అన్నాడు మావయ్య. నిజంగా జాలిపడే అన్నాడు. ఆ జాలికే నాకు ఇంకా మండింది. ఊడితే ఊడనీ అనుకుని తాడు చేతికి చుట్టుకున్నాను.

అప్పుడు అమ్మమ్మ సీటు తొడుగు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది.

"ఏవండీ, మతిమరుపు వచ్చిందా మీకు? ఇంత చలిలో ఇంజను స్పార్కు ప్లగ్గు విప్పి స్టవ్ మీద కాల్చకుండా ఎప్పుడైనా లాగారా? నా టీ గిన్నె దించి మరీ కాల్చేవారు. ఎన్నిసార్లు పోట్లాడుకున్నాం!"

జనం నవ్వారు. మెట్ల మీద మావయ్య మాత్రం నవ్వలేదు. నేను ప్లగ్గు విప్పి ఇచ్చాను. ఆవిడ స్టవ్ మీంచి టీ గిన్నె దించి, ప్లగ్గు కాల్చి, చేతి తొడుగులో పట్టుకుని పరుగులాంటి నడకతో తెచ్చింది. వేడి పోకుండా బిగించి, తాడు లాగాను.

బండి దగ్గింది, తుమ్మింది, నల్లటి పొగ కక్కింది. తర్వాత అందుకుంది. టకటకమని ఊరంతా వినబడే ఆ పాత చప్పుడు, నేను పుట్టకముందు మా తాత వేట నుంచి ఇంటికొస్తున్నాడని చెప్పిన చప్పుడు అదే. అమ్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఆపుకోలేక ఏడుస్తూనే సీటు మీద కూచున్నాను.

వెనక ఎవరో ఎక్కారు. అమ్మమ్మేమో అనుకున్నాను. తిరిగి చూస్తే మావయ్య! కప్పు ఎక్కడో వదిలేశాడు, బూట్ల తాళ్ళు కూడా కట్టుకోలేదు. చిన్నప్పుడు ఆ చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చి ఎక్కేవాడట, తండ్రి నడుం పట్టుకుని. ఇప్పుడూ నా నడుం పట్టుకునే ఉన్నాడు. ఏం చేశాడో తనకే తెలిసినట్టు లేదు.

"ఎగుడుదిగుడు మంచు దగ్గర నెమ్మదిగా పోనీ, నాన్నా" అన్నాడు.

ఎన్ని నెలలకి విన్నాను ఆ పిలుపు! కరిగిపోయి ఊరుకునేదాన్నే. కానీ ఎదురుగా అమ్మమ్మ తను కుట్టిన తొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎనూకీ, అది మీ అమ్మ చోటు. దిగు. నీ బండికి కాముటిక్ కట్టుకుని, సామాన్లేసుకుని మా వెనకాల రా. మీ అమ్మ మీంచి కన్ను తియ్యకు" అన్నాను, తండ్రిలా.

మావయ్య నా నడుం వదిలాడు.

"సరే నాన్నా" అని దిగాడు. దిగి, తొడుగు అమ్మమ్మ చేతిలోంచి తీసుకుని సీటుకి తనే బిగించాడు.