నల్లకాగితం కింద పిల్ల

నేను ఒక గాజు పలకను. ఫోటోలకు ఫిల్ము వాడకం పెరగకముందు కెమెరాలో నాలాంటి పలకల్నే దూర్చేవారు. నాలో అంతా తారుమారు వ్యవహారం. నల్లని జుట్టు తెల్లగా ఉంటుంది, తెల్లని పళ్ళు నల్లగా ఉంటాయి. మా కథలో ఒక దొరసాని ఉంది, నాలో ఆవిడ బొగ్గులా కనిపిస్తుంది. ఒకసారి నన్ను వెలుతురుకు ఎత్తి చూసుకుంది, మళ్ళీ నా జోలికి రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధానికి మూడేళ్ళ ముందు సంగతి. విజయనగరంలో స్టూడియో పెట్టుకున్న జోగారావు నన్ను వెంటబెట్టుకుని ఆ దొరసాని నడిపే చెవిటి పిల్లల బడికి వెళ్ళాడు. ఆ బడిలో అసలు పాఠం ఒక్కటే, నోటితో మాట్లాడాలి. చేతులతో మాట్లాడుతూ దొరికితే ఆ చేతుల్ని వెనక్కి విరిచి రిబ్బనుతో కట్టేసేవారు. పిల్లలు మాత్రం తక్కువ తిన్నారా? దొరసాని అటు తిరిగితే చాలు, ఇటు కబుర్లే కబుర్లు. పేర్లు కూడా చేతులతోనే పెట్టుకున్నారు. ముక్కు కొన నుంచి వేలిని బారెడు ముందుకు సాగదీస్తే దొరసాని. జోగారావు వచ్చిన పది నిమిషాలకే ఆయనకూ నామకరణం అయిపోయింది. లేని మీసాన్ని మెలితిప్పి, ఆ వెంటనే కిందికి జారవిడవాలి, ఆయన మీసం ఎంత తిప్పినా నిలవదు మరి.

పదేళ్ళ పైడమ్మ ముందు వరుసలో చివర కూర్చుంది. ఆమె వెనకాల, అంచున నిలబడిన పిల్లను రిజిస్టరులో సుగుణ అని రాసుకున్నారు. పాపం, ఆ పిల్లకు ఆ సంగతే తెలియదు. ఊరి తీర్థం జాతరలో ఎవడో దొంగ చెవిపోగు లాక్కుపోతే ఆమె ఎడమ చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. అందుకని పిల్లలందరికీ, చెవి తమ్మె పట్టుకుని కిందికి లాగితే అదే ఆమె పేరు. పైడమ్మకు రోజూ జడ వేసేది ఆ పిల్లే. రాత్రి చీకటికి భయపడితే అరచేతిలో వేలితో రాసి ధైర్యం చెప్పేదీ ఆ పిల్లే.

"ఎవులూ కదలకండి! సేతులు ఒళ్ళో ఎట్టుకోండి!" అని జోగారావు గొంతు చించుకున్నాడు. చెవిటి బడిలో! కెమెరా మూత తీసి నాలుగు అంకెలు లెక్కపెట్టాడు. సరిగ్గా అప్పుడే పైడమ్మ వెనక్కి తిరిగి, తన చెవి తమ్మె పట్టుకుని నేస్తాన్ని పిలిచింది. పిలిచి అలాగే ఉండిపోయింది. వెనకపిల్ల నవ్వుతూ రెండు చేతులూ ఎత్తి గబగబా ఏదో జవాబు చెప్పింది. కదలని చెయ్యి నాలో శుభ్రంగా పడింది. కదిలిన చేతులు పొగలా పడ్డాయి.

"ఇదేటిది, ఈ పిల్ల దెయ్యంలాగ పడిపోనాది!" అని జోగారావు స్టూడియోలో తల పట్టుకున్నాడు. ఆలోచించి, నల్లకాగితం ముక్క కత్తిరించి, మైదా జిగురు పూసి, ఆ పిల్ల ఉన్న మేర నా మీద అతికించాడు. ఫోటో అచ్చు వేశాక అక్కడ తెల్లగా మిగిలిన అంచును కత్తెరతో తీసేశాడు. మనిషిని మాయం చేయడానికి ఆయనకు పావుగంట పట్టింది.

ఆ వానాకాలం జ్వరాలొచ్చి ఆ పిల్ల నిజంగానే పోయింది. రిజిస్టరులో సుగుణ మీద ఒక గీత పడింది. పైడమ్మ చేతికి ఒక ఫోటో వచ్చింది. అందులో తను చెవి పట్టుకుని, ఎవరూ లేని వైపు చూస్తోంది.

దొరసానికి మాత్రం పండగే. చెవిటి పిల్ల చెవి దగ్గరకు చెయ్యి చేర్చింది, ఇంకేం కావాలి? ఆ ఫోటోలో పైడమ్మ ఉన్న మేరకే బడి పత్రికలో వేయించి, కింద "వినుచున్న బాలిక" అని అచ్చొత్తించింది. తమ బోధన వల్లే ఈ అద్భుతం జరిగిందని నాలుగు ఊళ్ళలో చెప్పుకుంది.

పదహారేళ్ళప్పుడు పైడమ్మ స్టూడియోకి వచ్చింది. తన ఫోటో చూపించి, తెగిన అంచు పక్కన గాలిలో ఇంకో మనిషిని గీసింది. చేతులతో పలకను చూపించి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నట్టు తల పైకెత్తింది. ఒక్కసారి ఆ ముఖం చూసుకోనివ్వమని దండం పెట్టింది. గాజుముక్కను, నాకే అర్థమైంది. జోగారావు మాత్రం "దాహం కాబోలు, పాపం" అనుకుని గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె తాగలేదు. నేను ఆయన తలవెనక అరలోనే ఉన్నాను. పిలవడానికి నాకు నోరూ లేదు, చేతులూ లేవు. ఆ రోజు పడ్డ బాధ నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

జోగారావు పోయాక ఆయన కొడుకు ఆ బొమ్మను చెవి మిషన్లు అమ్మేవాళ్ళకు ఇచ్చాడు. "ఇప్పుడు వినిపిస్తోందా?" అంటూ పైడమ్మ ఒక ఏడాది పాటు క్యాలెండర్లలో వేలాడింది. ఆ తర్వాత ఒక పండితుడు, ఈ బాలిక దివ్యనాదాన్ని ఆలకిస్తోందని పదకొండు పేజీల వ్యాసం రాశాడు. అందరూ ఆమె చెవి గురించే మాట్లాడారు. ఆమె చెయ్యి ఏమంటోందని ఒక్కడూ అడగలేదు.

చివరికి మమ్మల్ని పాత సామాన్ల వాడికి తోలేశారు. నా తోటి పలకల్ని వేడినీళ్ళతో కడిగి, బొమ్మలు తుడిచేసి, దేవుడి పటాలకు అద్దాలుగా బిగించారు. నాకు ఒక మూల బీట ఉండబట్టి బతికిపోయాను. అక్కడినుంచి మ్యూజియంలో పడ్డాను.

అక్కడ "చిత్రాల్లో చెవిటితనం" అని ప్రదర్శన పెట్టారు. ప్రారంభ సభలో మైకు పట్టుకుని రెండు గంటలు మాట్లాడారు. చెవిటివాళ్ళు ఒక్కరూ రాలేదు. పిలవాలని ఎవరికీ తోచలేదు మరి. నన్ను లోపల దీపం వెలిగే పెట్టె మీద పెట్టి, పైడమ్మ ఉన్న చోట కింద "తన లోపానికి చింతించు బాలిక" అని చీటీ అంటించారు. నల్లకాగితాన్ని చూసి, ఇది ఆ కాలపు అలంకారం అని అధికారిగారు అందరికీ వివరించారు.

పేపర్లో ఆ బొమ్మ చూసి, మనవరాలు హేమను వెంటబెట్టుకుని డెబ్బై అయిదేళ్ళ పైడమ్మ వచ్చింది. సంచిలోంచి తన పాత ఫోటో తీసి నా పక్కన పెట్టింది. తెగిన అంచును చూసింది, నల్లకాగితాన్ని చూసింది. వేలిని నాలుక మీద తడుపుకుని, గోటితో గీకడం మొదలుపెట్టింది.

"అమ్మా! ముట్టుకోకండి! మీకే చెబుతున్నాను!" అధికారి కేకలకు హాలు దద్దరిల్లింది. ఎవరికి చెబుతున్నాడు? ఆమె గోరు ఆమె పనిలో ఉంది.

కాపలా అప్పలకొండ ఆపడానికి పరుగెత్తుకొచ్చాడు. ఆమె ముఖం చూసి, అధికారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఉండండి బాబూ, ఆయమ్మకి ఇనపడదు గదా. ఒక్కపాలి సూడనియ్యండి."

ముసలి జిగురు ఎంతసేపు ఆగుతుంది? కాగితం ఊడి వచ్చింది. చీలిన తమ్మె, నల్లని పళ్ళ నవ్వు, పొగలాంటి చేతులు. పైడమ్మ తన చెవి తమ్మె పట్టుకుని లాగింది. అరవై అయిదేళ్ళుగా ఎవరూ లేని వైపు పిలుస్తున్న పిలుపు ఇప్పుడు మనిషికి చేరింది. ఆమె ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

అధికారికి ఉత్సాహం పుట్టుకొచ్చింది. కలం తీసి, "ఆ వెనకమ్మాయి ఏమంటోంది? అడిగి చెప్పండి, చీటీ మార్చేస్తాం," అన్నాడు. హేమ చేతులతో అడిగింది. పైడమ్మ కళ్ళు తుడుచుకుని, బడిలో నేర్పినట్టే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"సెప్పదు సార్," అంది హేమ.

"పోనీ, పేరైనా చెప్పమనండి."

ఒక చెయ్యి ముందుకొచ్చింది. తమ్మె లాగి, మళ్ళీ వెనక్కి పోయింది.

"మళ్ళీ చెవేనా? నేనడిగింది పేరు!"

"అదే పేరు సార్."

అధికారి కలం మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు కొత్త చీటీ వచ్చింది: "చివర ఇద్దరు బాలికలు. రెండవ బాలిక పేరు తెలియదు."

ఇప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ చీటీ చదివి, "ఈ వెనకమ్మాయి ఎవరండీ?" అని అప్పలకొండను అడుగుతుంటారు. ఆయన స్టూలు మీదినుంచి లేచి, వాళ్ళ కళ్ళలోకి చూసి, తన చెవి తమ్మె పట్టుకుని కిందికి లాగుతాడు. ముసలాయనకు చెవి దురద కాబోలనుకుని వాళ్ళు పక్క బొమ్మ దగ్గరకు వెళ్ళిపోతారు. ఆయన మాత్రం ఎవరు అడిగినా ఆమె పేరు చెబుతూనే ఉన్నాడు.