మూడో రాజీ కాగితం

ముందే ఒప్పుకుంటున్నా. వీరాంజనేయుల్ని రెండుసార్లు కేసు లేకుండా తప్పించిన కాగితాలు టైపు చేసింది నేనే. బీటెక్ చదివి పొదిలిలో జిరాక్స్ షాపు పెట్టుకున్నదాన్ని. పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, ప్రింటివ్వడంలో నాకు మంచి అనుభవం.

ఆ మధ్యాహ్నం ఊరి పెద్ద బుల్లయ్య గారు మూడోసారి వచ్చారు. వెనక దేవకుమారి. రోజుకు నాలుగొందల కూలికి గుంటూరు వైపు మిరప కోతలకెళ్లింది. ఆమె చీరకంటిన ఘాటుకి రెండుసార్లు తుమ్మాను. కూలీల్ని ఆటోలో తోలుకెళ్లే మేస్త్రీ వీరాంజనేయులు నిన్న ఆమెను చేలో పట్టుకుని లాగాడు. భుజం దగ్గర చిరిగిన జాకెట్టుకి పిన్నీసు పెట్టుకుంది.

"పాత కాగితమే అమ్మాయ్. పేరు మార్చు చాలు," అన్నారు బుల్లయ్య గారు.

తెరిచాను. 'పొరపాటున చెయ్యి తగిలినందున, పెద్దల సమక్షంలో రాజీపడి, కేసు వద్దనుకుంటున్నాను.' ముందటేడు గురవమ్మ, నిరుడు కోటేశ్వరి. ఇద్దరికీ అదే పొరపాటు, అదే చెయ్యి.

"నేను టేషనుకే పోతా," అంది దేవకుమారి.

"పోయి? రేపు కోతలకి నిన్నెవడు ఎక్కించుకుంటాడే?"

"మళ్లీ మళ్లీ చేసినోడికి శిక్ష ఎక్కువేస్తారంట గదా."

ఆయన నవ్వారు. "ముందొకసారి శిక్షపడితే గదా ఎక్కువేసేది! వాడి మీద ఒక్క కేసన్నా ఉందా? పోలీసోళ్ల లెక్కలో వాడికిదే మొదటిసారి."

నిజమే. ఆ లెక్క శుభ్రంగా ఉంచింది నా కీబోర్డే.

కోటేశ్వరికి ఫోన్ చేశాను. "అక్కా, నీ పాత కాగితం స్టేషన్లో చూపించమంటావా?"

అవతల కుక్కరు రెండుసార్లు కూసింది.

"మా ఆయనకి తెలీదు రమ్యా. ఆలోచించుకోనీ."

గురవమ్మ నంబరు పనిచెయ్యలేదు.

"అయిందా? ఇక కొట్టు," అన్నారు బుల్లయ్య గారు.

"కొట్టనండీ."

"ప్రింటరు చెడిందా?"

"బానే ఉంది. నేనే కొట్టను." షట్టరు సగం దించాను. "పద అక్కా, నేనూ వస్తా. వాళ్ల పేర్లు చెప్పను. రెండుసార్లు టైపు చేసినదాన్నని చెప్తా."

"నీ షాపుకెవరొస్తారో నేనూ చూస్తా!" ఆయన అరుపు రోడ్డు దాటేదాకా వినిపించింది.

స్టేషన్లో ఎస్సై గారు బందోబస్తుకెళ్లారట, బల్ల మీద కూర్చోమన్నాడు కానిస్టేబులు. మూడు గంటలుగా కూర్చునే ఉన్నాం. దేవకుమారి పిన్నీసు తీసి, మళ్లీ పెట్టుకుంటోంది. కోటేశ్వరి ఫోన్ ఇంకా రాలేదు.

ఇది ఆ బల్ల మీద కూర్చునే ఫోన్లో రాసి, ఆడవాళ్ల పేర్లు మార్చి, ఫేస్‌బుక్‌లో పెడుతున్నా. మీ ఊళ్లోనూ ఇలాంటి కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లుంటారు, నాలా టైపు చేసినవాళ్లుంటారు. మీ పేరక్కర్లేదు. ఏ ఏడాది, చేసినవాడికది ఎన్నోసారి, అంతే కింద రాయండి.