బీరన్న మంద వల

బీరన్నకు అనుమానం పట్టిందంటే జోరీగ పట్టినట్టే, ఎంత విదిలించినా పోదు. కాటమయ్య చేన్లో ఎరువు కోసం మంద పెట్టినప్పుడు గొర్లన్నీ చుట్టూ కట్టిన వల లోపల హాయిగా కాళ్లు చాపుకొని పడుకున్నాయి. అదే వల, అవే గొర్లు. కట్టంగూరు రోడ్డు పక్కన శ్యామలమ్మ చేనుకు వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఆ చేను రోడ్డుకూ కాలువకూ నడుమ పట్టీలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆ సంగతి మహానుభావుడి బుర్రకు తట్టలేదు. భార్య జానమ్మ మొన్ననే పుట్టింటికి పోయివచ్చిందని మాత్రం తట్టింది. ఆమె తమ్ముడు హనుమంతుకూ మంద ఉంది మరి!

తెల్లారి శ్యామలమ్మ వచ్చి చూసింది. "ఏంది బీరన్నా, కాటమయ్య చేన్ల గంత జాగాల ఎరువు పడె. నా చేన్ల గింతేనా?"

బీరన్న పరువు పోయినట్టయింది. భార్య మీద గుడ్లురిమాడు. "ఏమే, వల కోసి నీ తమ్మునికిచ్చినవా?"

"నేనెందుకు కోస్త? కొలుసుకో."

వల విప్పి మూరలేసి కొలిచాడు. ఎప్పటి పొడుగే ఉంది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. అయినా అంతే.

"మరి గొర్లెందుకు ఇరుకుతున్నయ్? ఏదో జేసినవ్. నిజం చెప్పు, లేకుంటే నీ తమ్మునింటికే పో!"

పరాయి మనిషి ముందు ఆ మాట అనేసరికి జానమ్మకు ఒళ్లు మండింది. సద్దిమూట తాడు విప్పి, కొసలు ముడేసి, నేల మీద గుండ్రంగా పరిచింది. దాని నిండా గొర్రె పెంటికలు పోసింది. తర్వాత తాడును రెండు దిక్కులా లాగింది. ఆ చుట్టు సన్నబడి, సగం పెంటికలు బయటికి దొర్లాయి.

"తాడు తగ్గిందా?"

"తగ్గలే," అన్నాడు బీరన్న.

"జాగా?"

శ్యామలమ్మ తన చేను పొడుగునా ఒకసారి చూసుకుంది. "అయ్యో, నా చేను సన్నగున్నందుకా! చుట్టు గంతే, నడుమ జాగ తక్కువాయె. ఇంకో రాత్రి జరిపి పెట్టు బీరన్నా, సరిపోతది."

బీరన్న గుండె తేలికై పకపకా నవ్వాడు. "గిదా సంగతి! ముందే చెప్పొద్దానే?"

"కోయలేదని నోటితోని చెప్పిన. ఇన్నేండ్లు కాపురం చేసిన పెండ్లాం మాట నమ్మకపోతివి. పెంటికలు చెప్పంగనే నమ్మినవ్."

ఆ పూట జానమ్మ శ్యామలమ్మ పక్కన కూర్చొని సద్ది తిన్నది. మొగుణ్ని పిలవలేదు.