జంక్‌లో పడ్డ పిలుపు

మా ఆవిడకి ఒళ్ళు మండితే ముందు కాలేది నేనే. ఆ రోజు మాత్రం ఆ మంట కంప్యూటర్ మీదికి మళ్ళింది.

మాది ఫోటోలకి ఫ్రేములు కట్టే కొట్టు. జనం ఫోటోలు మెయిల్లో పంపుతారు, మేం ప్రింటు తీసి అద్దం బిగిస్తాం. ఆ మెయిళ్ళ మధ్యలో ఎవరెవరో దూరేవాళ్ళు. "అక్కా, జుట్టు ఊడిపోతోందా?" అని ఒకడు. "అక్కా, పొట్ట తగ్గాలా?" అని ఇంకొకడు. పొట్ట సంగతి వచ్చిన రోజున ఆవిడ అద్దం కోసే కట్టర్ బల్ల మీద పెట్టి లేచింది.

"ఎవడికండీ నేను అక్కని? అక్క అన్న మాటున్న మెయిలు ఒక్కటి కూడా నా కంట పడకూడదు."

"మీ తమ్ముడు రాస్తే?"

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి వాడు నన్ను ఒక్కసారైనా అక్కా అన్నాడా? ఏడాది తేడాకి అక్కేంటంటాడు. అయినా వాడు నాకు రాయడు. మీరు కానివ్వండి."

ఆవిడ చెప్పడం, నేను చెయ్యకపోవడమూనా. అక్క అని కనబడిన ప్రతి మెయిలూ నేరుగా జంక్‌లోకి పోయేలా పెట్టాను.

మా బావమరిది పంతులు. గదిలో పాఠం చెబితే బయట ఆడుకునే పిల్లలకి కూడా వచ్చేసేది, అంత గొంతు. ఆ గొంతుతోనే, తన కొత్తింట్లో చుట్టాలందరి ముందూ, ఈవిడ కట్టిచ్చిన వాళ్ళమ్మ ఫోటో ఫ్రేము వంకరగా ఉందన్నాడు. "ఫ్రేము కాదు, నీ గోడ వంకర" అంది ఈవిడ. అంతే, అప్పట్నుంచి మాటల్లేవు. వాడు ఫోన్ చేస్తే ఈవిడ కట్ చేసేది. మధ్యలో దూరితే ఇద్దరూ ఏకమై నన్ను వాయిస్తారని నేను నోరు మూసుకున్నాను.

మొన్న ఒక నర్సు కొట్టుకొచ్చింది. వాళ్ళ నాన్న ఫోటో పంపి వారాలవుతున్నా జవాబు లేదట. మాకేం రాలేదమ్మా అంటే, "పంపానక్కా, చూడండి" అని తన ఫోన్ చూపించింది. అందులో మొదటి మాటే అక్కా.

జంక్ తెరిచాను. నూనెలకీ పొడులకీ మధ్య పాపం ఆ పెద్దమనిషి దొరికాడు. జంక్ కాదని నొక్కి ఆయన్ని బయటికి లాగాను. ఇంకా ఎవరి పనులు ఇరుక్కున్నాయోనని కిందికి జరుపుతుంటే బావమరిది పేరు కనబడింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

నర్సు వెళ్ళేదాకా ఆగి, "ఓసారి ఇలా రా" అన్నాను. ఆవిడ నా వెనక నిలబడి చదివింది.

"అక్కా, గొంతులో కేన్సర్ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేస్తారట. బుధవారం ఆపరేషన్. ఆ తర్వాత నాకు మాట ఉండదు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, అందుకే రాస్తున్నాను. ఈలోపు ఒక్కసారి నువ్వే చెయ్యి. సారీ చెప్పను, పోట్లాడతాను. నువ్వూ పోట్లాడు. నా ఆఖరి మాటలు నీతో కాకపోతే నాకు బాగుండదు."

తారీఖు చూశాను. ఆ బుధవారం ఎప్పుడో అయిపోయింది.

"ఇప్పుడు అక్కనయ్యానా వీడికి" అంది ఆవిడ. అని, కుర్చీ కోసం చేత్తో తడుముకుంది. ఆవిడ మీద జాలేసింది. ఆ పాడు పని ఈ చేత్తోనే చేశాను కదా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆవిడ ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. బావమరిది భార్య ఎత్తింది.

"వాడెలా ఉన్నాడు?"

"బానే ఉన్నారు వదినా. నిన్నే ఇంటికొచ్చాం. మీకు నన్ను చెప్పనివ్వలేదు. 'నేను రాశాను, మాట్లాడాలనుంటే తనే చేస్తుంది' అన్నారు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకున్నారు."

"వాడి చెవి దగ్గర పెట్టు."

కాసేపు గుడ్డల రాపిడి వినబడింది.

"ఒరేయ్, నీ మెయిలు జంక్‌లో పడిందిరా. నేను చూళ్ళేదు. అక్క అన్న మాటుంటే చెత్తలో వేసెయ్యమని నేనే చెప్పాను. నువ్వు అంటావని నేనేమన్నా కలగన్నానా? చూసుంటే నీ చెవులు చిల్లులు పడేదాకా పోట్లాడేదాన్ని. వింటున్నావా?"

అవతల ఏ చప్పుడూ లేదు. ఆవిడ ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని ఎదురు చూసింది.

"వదినా," అందా అమ్మాయి. "నవ్వుతున్నారు. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. మీకు వినబడట్లేదంతే."