ఫిబ్రవరి ముప్ఫై

మా రక్తనిధిలో నేను కంప్యూటరు గుమాస్తాను, మా వదిన నర్సు. ఇంట్లో వేసే ఎత్తిపొడుపులు చాలవన్నట్టు ఆఫీసులోనూ ఆవిడే.

ఆ రోజు నవంబరు పద్నాలుగు. మధ్యాహ్నం జరగబోయే ఒక గర్భిణి ఆపరేషనుకు బి నెగెటివ్ రక్తం కావాలని పొద్దున్నే కబురొచ్చింది. ఒకసారి ఇచ్చినవాళ్ళు తొంభై రోజులు ఆగాలి. దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆగస్టు పదహారుకు ముందు ఇచ్చినవాళ్ళను చూపమని డేటాబేస్‌కు క్వెరీ రాశాను. ఒక్క పేరే వచ్చింది, ఒక లారీ మెకానిక్‌ది. ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు.

వదిన అతని చెయ్యి చూసింది. "ఏమయ్యా, మొన్ననేగా ఇచ్చావు?"

"పన్నెండు రోజులైందమ్మా. పిలిచారుగా, వచ్చాను."

"మరిదిగారూ, ఈయన ఒంట్లో ఉన్నది రక్తమా, కుళాయి నీళ్ళా?"

అతనికి క్షమాపణ చెప్పి పంపేశాం. తప్పు నాకు తెలిసిపోయింది. తేదీల గడిని అక్షరాల గడిగా పెట్టి ఉంచాం. "02-11"నూ "16-08"నూ అది నిఘంటువులో మాటల్లా పోల్చి, సున్నా ఒకటికి ముందని నవంబరును ఆగస్టుకు ముందు నిలబెట్టింది. అక్షరాలను మొదట తేదీలుగా మార్చి, ఆ తర్వాతే తొంభై రోజులు వెనక్కి లెక్కపెట్టమని రాశాను.

క్వెరీ ఆగిపోయింది. ఒక వరుసలో తేదీ చెల్లదట: 30-02.

"ఫిబ్రవరి ముప్ఫై!" వదిన నా భుజం మీదుగా చదివింది. "ఆ రోజున ఇచ్చిన మహానుభావుడెవరో?"

ఆ వరుసను వదిలేయమని రాశాను. ఈసారి బి నెగెటివ్‌లో ఒక్కరూ రాలేదు. గడియారంలో పదిన్నర.

"ఆ ఫిబ్రవరి ముప్ఫై నేనే వదినా, నాదీ బి నెగెటివే," అన్నాను. "సిబ్బందంతా ఇవ్వాలన్నారు. నాకు సూదంటే భయం. లేని తేదీ వేస్తే అబద్ధం కాదు కదా అనుకున్నాను."

"రోజూ గంటసేపు ప్రార్థన చేసి నేర్చుకున్నది ఇదా? దేవుడు నమ్మాడా?"

"ఆయన సంగతి తెలీదు. అక్షరాల గడి మాత్రం నమ్మింది. తేదీ ముప్ఫైతో మొదలయ్యేసరికి నా పేరు ఏ జాబితాలోకీ రాలేదు."

వదిన రక్తమిచ్చే కుర్చీ చూపించింది. చొక్కా చెయ్యి మడుచుకుని, కళ్ళు మూసుకుని నామం జపించడం మొదలుపెట్టాను.

"కాస్త నెమ్మదిగా జపించండి. మీ నరం కూడా వణుకుతోంది."

సంచి నిండింది. పరీక్షలు చేసి, ఒంటిగంటకు ఆపరేషను గదికి పంపించారు. అప్పటిదాకా అక్కడే వాలి ఉన్న నేను లేచి కంప్యూటరు వైపు నడవబోతే, దాని ముందున్న నా కుర్చీలో వదిన అప్పటికే కూర్చుని ఉంది.

"మీరు కదలకండి," అంది. "తేదీ నేను వేస్తాను."