పిచ్చిమొక్క

"కలుపు పీకండి గానీ, నేను నాటినదాని జోలికి పోకండి," అంటూ ఆసుపత్రికి వెళ్లింది టైలరు భార్య. గుడ్డపేలిక చూసి ఎవరి చొక్కాదో చెప్పే మనిషి, నాటిందేదో అడగలేదు, బుద్ధి గడ్డి తిని! ఆవిడ తిరిగి రాలేదు.

పెరట్లో ఏపుగా పెరిగినదే ఆవిడదనుకుని, మిగతావన్నీ పీకి గోడవారన పడేశాడు. భార్యని పిలిచినట్టే "ఏమే" అని పలకరిస్తూ దానికి రోజూ నీళ్లు పోశాడు.

ఓరోజు మరదలు వచ్చి చూసింది. "ఇది పిచ్చిమొక్క కదా బావా! అక్క నాటిందేదీ?"

టైలరు గోడవారన ఎండిన కుప్పకేసి చూశాడు.

మరదలికి అర్థమైంది. "పోనీ, దీన్నీ పీకేయనా?" అంటూ వంగింది.

"ముట్టుకోకు! 'ఏమే' అని పిలవడానికి నాకింకేం మిగల్లేదు."